కడిగేసిన పిండితొట్టి

ఓద్రా నది కట్టలు తెంచుకుని వ్రోత్స్వాఫ్ నగరంలో ఇళ్ళల్లోకి వచ్చి, పోతూ పోతూ మోకాలి లోతు బురద మిగిల్చిన ఏడాది అది. ఆ ఏడాది నవంబరు ఒకటో తారీకున, పోయినవాళ్ళ సమాధుల దగ్గర దీపాలు పెట్టి కొడుకూ కోడలితో ఇంటికి తిరిగొచ్చిన రొజాలియా, వంటగది గడప మీదే నిలబడిపోయి కెవ్వుమని అరిచింది!

వెనకే వచ్చిన కోడలు బొగుమీవా ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. పొయ్యి పక్కన రొట్టెపిండి కలిపే చెక్కతొట్టి బోర్లించి ఉంది... తెల్లగా, శుభ్రంగా, ఎముకలా మెరుస్తోంది!

ఆ ఇంట్లో ఆ తొట్టిని కడగరు. రొట్టె కాల్చిన ప్రతిసారీ అడుగున అంటుకుని మిగిలిన పుల్లపిండే మళ్ళీ వచ్చే వారం రొట్టెకు ప్రాణం. ప్రపంచయుద్ధం అయ్యాక సరిహద్దులు మారి, తూర్పున ఉన్న ఊరు వదిలి, పశువుల రైలుపెట్టెలో ఈ ఊరు వచ్చినప్పుడు రొజాలియా తల్లి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఒక్క ఆ తొట్టినే. మొన్నటి వరదలో కూడా, పెళ్ళి ఉంగరం కింద నీళ్ళలో వదిలేసి, దాన్ని కావలించుకుని రెండు రోజులు అటక మీద కూర్చుంది రొజాలియా. కోడలు కాపురానికొచ్చి ఇరవై రెండేళ్ళయినా దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "కూతురుంటే కూతురికిచ్చేదాన్ని, దేవుడివ్వలేదు" అనేది. 'కోడలికిస్తా' అన్న మాట మాత్రం ఎప్పుడూ అనలేదు...

"నా తల్లిని చంపేశారే! ఎవరు? ఎవరు కడిగారే దీన్ని?"

బొగుమీవా తలెత్తి చూసింది. మెట్ల మీద లువా నిలబడి ఉంది. వియత్నాం నుంచి చదువుకోను వచ్చిన పిల్ల. విద్యార్థుల హాస్టలు వరదలో మునిగితే, కాలేజీవాళ్ళు బతిమాలగా పై గదిలో పెట్టుకున్నారు. చాకలిసోడా నీళ్ళకు ఎర్రబడిన చేతులు ముందుకు చాపి, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ నవ్వుతోంది ఆ పిచ్చితల్లి! నాలుగు నెలలుగా ఊరంతా బురద గీకుతుంటే చూసింది కదా... తొట్టిలో ఎండిన పిండిని కూడా వరద బురదే అనుకుంది!

నిజం చెబితే సాయంత్రానికల్లా ఆ పిల్ల సంచితో రోడ్డు మీద ఉంటుంది. హాస్టలు గోడలు ఇంకా ఆరలేదు. పరీక్షలు చూస్తే నెలలోకి వచ్చాయి. వేల మైళ్ళ అవతల ఒక తల్లి, నా బిడ్డ వెచ్చగా ఉందనుకుంటూ నిద్రపోతోంది...

"నేనే అత్తయ్యా," అంది బొగుమీవా. "బయల్దేరే ముందు, మీరు ముస్తాబవుతుంటే నేనే కడిగాను. వరద మురికి ఉందేమోనని..."

"నువ్వా! ఇరవై రెండేళ్ళు నా ఉప్పు తిని, తెలీదా నీకు? తెలిసే కడిగావు! నా మీద కసి తీర్చుకున్నావు! ఒరే జెనోన్, వచ్చే శనివారం నీ పెళ్ళాన్ని దాని అక్కింట్లో దింపిరా. అప్పటిదాకా నా వంటింట్లో అడుగు పెడితే ఊరుకోను!"

జెనోన్ టోపీ తీసి మేకుకు తగిలించాడు. ట్రాము నడిపే మనిషి, రోజంతా గంట కొట్టడమే తప్ప నోరు తెరవడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇరవై రెండేళ్ళుగా ఒక్క మాట మాట్లాడి ఎరగడు. ఇప్పుడూ మాట్లాడలేదు. అత్త తిట్లకంటే ఆ మౌనమే బొగుమీవా గుండెను కోసింది...

రొజాలియా మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. కొట్లో రొట్టె తెచ్చి పెడితే, "ఆ దూది నాకొద్దు" అని పళ్ళెం తోసేసింది. జెనోన్ ఉడకబెట్టిన బంగాళాదుంపలే ఆ వారమంతా ఇంటిల్లిపాదికీ గతి అయ్యాయి.

పై గదిలో లువా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. "నేను చెప్పేస్తా పిన్నీ! నా తప్పుకు నువ్వెందుకు మాట పడాలి?"

"నోరు మూసుకుని చదువుకో. నాకు వెళ్ళడానికి అక్క ఇల్లుంది. నీకెక్కడుంది?"

"మా అమ్మకు తెలిస్తే నా చెవులు పిండేస్తుంది! వచ్చిన కొత్తలో మీ పుల్ల సూపు గొంతు దిగక, ఉత్త టీ తాగి పడుకునేదాన్ని కదా... ఆ రొట్టె వాసనే నన్ను నిలబెట్టింది పిన్నీ. అచ్చం మా అమ్మ చేపలు ఊరవేసే పీపా దగ్గర వచ్చే పులుపు వాసన! కళ్ళు మూసుకుని తింటే మా ఇంటి పెరడే. అలాంటిదాన్ని నా చేతుల్తో..." అంటూ చటుక్కున ఆగిపోయింది. "పిన్నీ! మా అమ్మ ఆ పీపాను ఏడాదికోసారి సముద్రపు నీళ్ళతో కడుగుతుంది. అయినా కొత్త చేప వెయ్యగానే పాత వాసనే పడుతుంది. పలకల సందుల్లో దాక్కుంటుందంటుంది అమ్మ. మీ తొట్టి కూడా పలకలదే కదా?"

బొగుమీవా ఆ పిల్ల ముఖంలోకి చూసింది. అరక్షణంలో కిందికి దిగి, తొట్టిని ఏప్రన్ కింద దాచి పైకి తెచ్చింది!

కట్టెపట్టీలు వదులు చేశారు. పలకకూ పలకకూ మధ్య, యాభై ఏళ్ళుగా చేరిన నల్లటి పొడి! తలపిన్నుతో గీకితే చెంచాడు వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో రై అనే ధాన్యపు పిండితో కలిపి, జాడీకి దుప్పటి చుట్టి, గది పొయ్యి పక్కన పెట్టారు. మొదటి రోజు ఏమీ లేదు... రెండో రోజూ లేదు... మూడో రోజు కుళ్ళు వాసన కొట్టింది! బొగుమీవా కన్నీళ్ళు జాడీలో పడబోతుంటే లువా పక్కకు లాగింది. "ఉప్పు పడితే చచ్చిపోతుంది పిన్నీ, ఏడిస్తే అటు తిరిగి ఏడు!" ఆ ఏడుపులోనే ఇద్దరికీ నవ్వొచ్చింది. సగం పారబోసి, కొత్త పిండి వేశారు. ఆరో రోజు పొద్దున్న మూత తీస్తే, నిద్రలేచిన పసిపాప నోట్లోంచి వచ్చినట్టు... బుడగలు!

శనివారం వచ్చింది. బొగుమీవా పెట్టె సర్ది వాకిట్లో పెట్టుకుంది. తర్వాత, ఏమైనా కానీ అనుకుని, వద్దన్న వంటింట్లోకి నడిచి పొయ్యి రాజేసింది.

మధ్యాహ్నానికి ఇల్లంతా ఆ వాసన! మంచం కిర్రుమంది. వారం రోజుల తర్వాత రొజాలియా కాళ్ళు నేల మీద ఆనాయి. గోడ పట్టుకుని వచ్చి, రొట్టె అంచు తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది... ఆగింది... ముడతల బుగ్గల మీద కన్నీళ్ళు జారిపోయాయి.

"ఇది మా అమ్మ రొట్టె! ఎక్కడిదే ఇది? ఎవరిచ్చారు?"

లువా పరుగున వచ్చి రెండు చేతులూ జోడించి నడుము వంచేసింది. "కడిగింది నేను మామ్మగారూ! బురదనుకున్నాను! నన్ను పంపించేస్తారని పిన్ని తన మీద వేసుకుంది! పలకల సందుల్లో మిగిలిన పిండిని మళ్ళీ బతికించింది! నన్నే పంపెయ్యండి, పిన్నిని పంపకండి!"

రొజాలియా నెమ్మదిగా కోడలివైపు తిరిగింది.

"నేనన్ని మాటలన్నాను కదే... ఎందుకు పడ్డావు?"

"పరాయి ఇంటి బిడ్డ అత్తయ్యా. పరాయి ఇంట్లో మాట పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు..."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ముసలామె కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇరవై రెండేళ్ళు!" అంది. "ఇరవై రెండేళ్ళు కూతురు లేదని ఏడ్చానే, గుడ్డిముండను! పోయిన ప్రాణాన్ని పలకల్లోంచి తీసుకొచ్చావు. నాకైతే చేతనయ్యేదా? మంచమెక్కి ఏడవడమే చేతనైంది!" కత్తి తీసి కోడలి చేతిలో పెట్టింది. "సిలువ గీసి, కొయ్యి. ఇక ఈ తొట్టి నీది. నేను చచ్చాక కాదు, ఇవాళ్టి నుంచే!"

బొగుమీవా, ఇన్నాళ్ళూ అత్త చేసినట్టే, రొట్టె వెనక సిలువ గీసి మొదటి ముక్క కోసింది. అత్త ఆ ముక్కను అందుకుని లువా నోట్లో కుక్కింది. "తిను! ఇంకోసారి సోడా డబ్బా పట్టుకుని ఈ గుమ్మం తొక్కావంటే, నిన్నే ఉతికి తీగ మీద ఆరేస్తా!"

నోటినిండా రొట్టెతో ఆ పిల్ల నవ్వింది. గుమ్మం దగ్గర నిలబడిన జెనోన్ మాత్రం ఎప్పటిలాగే ఏమీ అనలేదు. వాకిట్లో ఉన్న పెట్టెను తీసుకెళ్ళి లోపల పెట్టాడు, అంతే.

మర్నాడు పొద్దున్న, తెల్లవారీ తెల్లవారకముందే లేచి, గడ్డం గీసుకుని, పెళ్ళికి కుట్టించిన కోటు వేసుకున్నాడు జెనోన్. మిగిలిన రొట్టెను ఏడు ముక్కలు కోసి గుడ్డలో కట్టుకున్నాడు. ఆ సందులో తమది కాక ఉన్నవి ఏడిళ్ళు. గోడల మీద వరద చార ఇంకా ఆరని ప్రతి ఇంటి తలుపూ తట్టి, ముక్క చేతిలో పెట్టి, టోపీ తీసి, అందరూ నోరెళ్ళబెట్టి చూస్తుండగా, ఒకే మాట చెప్పాడు:

"మా ఆవిడ కాల్చింది."