అప్పాసామి పడుగు

గుడియాత్తంలో బస్సు దిగేసరికి సాయంత్రం అయిదు దాటింది. హేమమాలిని తన తండ్రి చౌడప్ప చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ వచ్చింది. పక్షవాతం తగిలిన ఎడమకాలిని ఆయన మూటలా ఈడ్చుకుంటూ వచ్చాడు. దారిలో మూడుసార్లు ఆగి, "ఎవురమ్మా నువ్వు?" అని మర్యాదగా అడిగాడు. మూడుసార్లూ ఆమె, "నీ కూతుర్ని నాయనా" అంది. తల్లి లేని పిల్లని మగ్గం పక్కనే ఉయ్యాల కట్టి పెంచినవాడు ఆయన. ఎనిమిది నెలలుగా ఆమె పేరు ఆయన నోట రాలేదు. ఒక్కసారి "హేమా" అని పిలిస్తే చాలు, దేవుణ్ణి ఆమె ఇంకేమీ అడగదు.

ఆ పొద్దున వేలూరు దగ్గర తొరపాడిలో నరాల డాక్టరు తల స్కానింగు ఫిల్మును వెలుగుకి పెట్టి చూపించాడు. మెదడుకి రక్తం చాలినంత పోవడం లేదు. అదొక్కటే అయితే బాగుండేది. రక్తానికీ మెదడుకీ నడుమ గోడలాంటిదొకటి ఉంటుందట. చెడ్డవాటిని బయటే ఆపేది అదే. అది దెబ్బతింది.

"రాకూడనివి లోపలికి వస్తా ఉండాయమ్మా," అన్నాడు డాక్టరు. "చీకటి పడితే లేనివాళ్ళు వచ్చినారంటాడు. కాదనొద్దు, బెదిరిపోతాడు. సరే అని చెప్పు, అంతే."

ఇంటి ముందుగదిలో గుంటమగ్గం, దాని మీద కొత్త లుంగీల కోసం నిలువుగా బిగించిన పడుగు పోగులు. ఆ మగ్గం మీద ఆఖరుగా నేసింది చౌడప్ప తమ్ముడు అప్పాసామి. ఆరు వారాల కిందట, నేస్తూ నేస్తూనే మగ్గం మీదకి ఒరిగిపోయాడు. ఆ నేతగాళ్ళ ఇళ్ళల్లో నేసే మనిషి పోతే మిగిలిన పడుగుని కోసి కాల్చేస్తారు. కొత్త పడుగుని మొదటినుంచీ ఒక్కో పోగూ మగ్గంలోకి దూర్చుకుంటారు. పోయినవాడి పోగుకి బతికినవాడి పోగు అతకరు.

హేమకి ఇది తెలియక కాదు. అన్ని పోగులూ మళ్ళీ దూర్చాలంటే ఇద్దరు మనుషులు, రెండు రోజులు కావాలి. భర్త గోపీనాథ్ బాగాయంలో మేస్త్రీ పనికి పోతే శనివారం గానీ రాడు. పవర్‌లూములు వీధి వీధినా మోగుతున్న రోజుల్లో మూల పడ్డ మగ్గాన్ని ఎవరు పట్టించుకుంటారు! చిన్నాయన వదిలిపోయిన జానెడు పడుగుకే కొత్త పోగులు మెలేసి అతికేసింది. ఎవరు చూడొచ్చారులే అనుకుంది. మనందరం అనుకునేదే అది. నూటికి తొంభైతొమ్మిదిసార్లు ఏమీ కాదు కూడా.

దీపాల వేళకి కరెంటు పోయింది. పక్కింటి కేబుల్ టీవీ నోరు మూసుకుంది. వీధిలో నూలుకి పట్టించే గంజి వాసన నిలబడిపోయింది. హేమ వంటింట్లో కిరసనాయిలు దీపం తడుముకుంటుంటే ముందుగదిలోంచి తండ్రి గుసగుసగా పిలిచాడు.

"అమ్మా... వాడొచ్చినాడు."

"ఎవురు నాయనా?"

"అప్పాసామి. వాకిట్లో నిలబడుకోని ఉండాడు. లోపలికి రావచ్చునా అని అడగతా ఉండాడు."

అగ్గిపుల్ల ఆమె వేళ్ళ మధ్య విరిగింది. కాదనకూడదు...

"సరే నాయనా," అంది. "రమ్మను."

గాలి లేదు. అయినా వాకిలి తలుపు కిర్రుమంది. తర్వాత తడి మన్ను వాసన... ఆ తర్వాత మగ్గం మోగింది.

టక్... టక్...

మొదట ఆమెకి సంతోషమే కలిగింది. నాయన తల మరిచినా చేతులు మరవలేదు కదా అనుకుని, ఇంకో పుల్ల గీసి దీపం వెలిగించి వత్తి ఎగదోసింది. అడ్డపోగు మోసే నాడె ఇటు పోయిన చప్పుడు, అటు వచ్చిన చప్పుడు. ఎక్కడా తప్పటం లేదు. అప్పుడు తట్టింది ఆమెకి. గుంటలో చెక్కలు రెండు. కుడికాలితో ఒకటి, ఎడమకాలితో ఒకటి, మార్చి మార్చి తొక్కితేనే మగ్గం ఆడుతుంది. నాయనకి ఎడమకాలు లేవదు.

దీపం పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. చౌడప్ప గుంట అంచున కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు చాప మీద చాపి ఉంది. కదలడం లేదు. కింద గుంటలో మాత్రం... చెక్కలు రెండూ దిగుతున్నాయి. కుడి... ఎడమ... కుడి... ఎడమ...

"నాయనా... లేయి..."

మగ్గం ఆగింది.

"హేమా..."

ఎంత తేటగా! జబ్బు రాకముందు నాయన వీధి చివరినుంచి పిలిచే గొంతు అది. భయం ఎటు పోయిందో, ఆమె గుండె పొంగిపోయింది. "ఉండాను నాయనా! ఈడే ఉండాను!" అని ఏడుస్తూ పలికింది.

చౌడప్ప మెల్లగా తల తిప్పాడు.

"నేను పిలవలేదమ్మా," అన్నాడు గుసగుసగా. "నువ్వెందుకు పలికితివి?"

శనివారం గోపీనాథ్ వచ్చి పడుగు కోసి కాల్చేశాడు. గుంటని ఇసకతో పూడ్చి మీద సిమెంటు వేశాడు. ఇంక ఏ బెంగా లేదన్నాడు.

పిలుపు ఆగలేదు. రోజూ చీకటి పడగానే అదే గొంతు, అంతే ముద్దుగా, "హేమా..." అంటుంది. ఆమె పలకదు. దేని కోసం అన్ని మొక్కులు మొక్కిందో అది వస్తుంటే, కొంగు నోట్లో కుక్కుకుని తండ్రి ఎదురుగా కూర్చుంటుంది. చౌడప్ప ఆమెనే చూస్తూ ఉంటాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటాయి. రెండు చేతులతో, ఊపిరాడనంత గట్టిగా తన నోరు తానే మూసుకుని ఉంటాడు.

అయినా పిలుపు ఆయన గొంతులోంచే వస్తుంది.