స్విచ్ మీద చెయ్యి

పొద్దున్నే ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఇంకేమీ చప్పుడు చేయడం లేదు. సింకు కింద చెత్త నలిపే మిషనులో చెంచా ఇరుక్కుని మోటారు కాలిపోయిన రోజు నుంచి అత్తాకోడళ్లకు మాటల్లేవు. చెంచా నువ్వు పడేశావంటే నువ్వు పడేశావని. మధ్యలో కొడుకు ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి మోసి, ఇవాళ బతుకుజీవుడా అని ఆఫీసుకు తొందరగా వెళ్లిపోయాడు.

కోడలికి రిపేర్లు వచ్చు. కొత్త మిషను తెచ్చి, మెయిన్ బోర్డులో వంటింటి స్విచ్ ఆపి, సింకు కింద అలమరలోకి దూరింది. ఆపానని అత్తగారికి చెప్పాలి. చెప్పాలంటే ముందు తనే నోరు విప్పాలి. చచ్చినా విప్పకూడదని పంతం.

బిగింపు వదులు చేయగానే పాత మిషను బరువంతా ఒళ్లోకి దిగింది. వైరు పొట్టిది. మిషను కింద పెడితే తెగుతుంది, పట్టుకుంటే తను కదల్లేదు. వీపు కింద పైపు, ముక్కు నిండా కుళ్లు వాసన. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో తన బతుకు ఇంతే అనిపించి ఏడుపొచ్చింది. మిషను అడుగు మూత విప్పి టెస్టర్ పెట్టింది. వెలగలేదు. వైర్ల ముడి మీద ప్లాస్టిక్ టోపీ తీసి, చేత్తో పట్టుకోబోయే ముందు అలవాటు కొద్దీ ఇంకోసారి పెట్టింది.

టెస్టర్ వెలిగింది.

"అత్తయ్యా! స్విచ్ ఎవరు వేశారు?"

"నేనే! ఫ్రిజ్ ఆగిపోయిందని వేశా." పరుగున వచ్చిన అత్తగారు ఆ వైర్లను చూసి గోడ పట్టుకుంది. "అయ్యో తల్లీ! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"మీరడిగారా? ఇందులో దూరి ఏం చేస్తున్నావని ఒక్కసారైనా అడిగారా?"

"లేదు. నీ కాళ్లు కనిపించాయి. చూసి కూడా అడగలేదు."

అత్తగారు గబగబా వెళ్లి స్విచ్ ఆపింది. "ఆపాను. చెయ్యి దీని మీదే ఉంది, ఆకాశం ఊడిపడ్డా తియ్యను. నువ్వు మాత్రం మాట్లాడుతూ ఉండు. నీ గొంతు వినపడకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు."

"ఏం మాట్లాడను?"

"తిట్టు, పోనీ."

మళ్లీ టెస్టర్ పెట్టి చూసుకుని, కోడలు ఏడుస్తూనే తిట్టింది. ఏ డబ్బా కదిపినా వెనకే వచ్చి సర్దుతారని, తను వండితే ఉప్పు చూడకుండానే పెదవి విరుస్తారని. ఒక్కో వైరూ విడదీస్తూ కడుపులో ఉన్నదంతా కక్కేసింది. బోర్డు దగ్గర్నుంచి "ఊఁ" అని వినిపిస్తూనే ఉంది. చివరికి ఎర్త్ వైరు మర విప్పి, గోడలోంచి వచ్చిన వైర్ల కొసలకు టోపీలు బిగించి, పాత మిషను కింద పెట్టింది.

"అయిపోయింది అత్తయ్యా. చెయ్యి తియ్యండి."

"ముందు నువ్వు బయటికొచ్చి కనపడు. అప్పుడు తీస్తాను."