కిటికీ వైపు బొజ్జ

బళ్ళో నర్సరీ చెప్పే ఆ అమ్మాయి గోనెసంచీ తెచ్చి నా పనిబల్ల మీద బోర్లించింది. చిత్రిక పడుతున్న చెక్క మీద చెక్క అక్షరాలన్నీ దడదడా రాలాయి.

“ఇవి ఎన్ని?” అంది.

వారం రోజులు చేతులు బొబ్బలెక్కేలా కోసి, గరుకు కాగితం పట్టి, రంగులేసి బడికి పంపిన సరుకు అది. సన్మానం చేయకపోయినా, బావున్నాయని ఒక్క మాటైనా అంటారనుకున్నాను.

“ఇరవై ఆరు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు అంతేగా?”

“నాకు ఇరవై రెండు రకాలే కనిపిస్తున్నాయి.” ఒక ముక్క తీసి నా ముక్కు ముందు పెట్టింది. “ఇదేంటి?”

“బి.”

దాన్ని అటు తిప్పింది. “ఇప్పుడు?”

“అటు తిప్పిన బి.”

“డి!” అని అరిచింది. “తలకిందులు చేస్తే పి. మళ్ళీ తిప్పితే క్యూ. నాలుగక్షరాలకీ ఒకటే అచ్చు పెట్టి కోసేశారు కదూ? ఎన్, యు సంగతీ ఇంతే!”

నిజమే, కోశాను. ఆకారం ఒకటే అయినప్పుడు నాలుగు అచ్చులు చేసుకునే తెలివితక్కువ వడ్రంగి ఎక్కడైనా ఉంటాడా?

“మేడమ్, కుర్చీని బోర్లా పడేస్తే బల్ల అయిపోతుందా? ఎటు తిప్పినా కుర్చీ కుర్చీయే.”

“మా నర్సరీ పిల్లలూ అదే అంటున్నారు! మీ ముక్కలతో రోజంతా ఆడుకున్నారు. ఇప్పుడు కాగితం మీద డి చూపిస్తే ఇరవై ముగ్గురూ ఒక్క గొంతుతో బి అంటున్నారు.”

“చెప్పడం రాక చెక్కని తిడితే ఎలాగండీ? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.”

అనగానే నోరు జారానని తెలిసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు.

“వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం ప్రిన్సిపాల్ గారు స్వయంగా పిల్లల్ని పరీక్షిస్తారు. అక్షరాలు గుర్తుపట్టకపోతే నా ఉద్యోగం పర్మనెంట్ కాదు, క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మూడేళ్ళు తిరిగితే దొరికిన ఉద్యోగం ఇది. మీ మద్దెల మీరే ఉంచుకోండి!”

విసవిసా వెళ్ళిపోయింది. లోపల జిగురు కాస్తున్న నాన్న తల ఎత్తకుండానే అన్నాడు: “ఒరేయ్, చేసిన పని వెనక్కొచ్చిందంటే తప్పు మనదే. వెళ్ళి సరిచేసి రా.”

మర్నాడు నర్సరీ క్లాసులో జానెడు ఎత్తు కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. ఆ నాలుగక్షరాలకీ, ఎన్, యులకీ అడుగున గాడి పెట్టి, వాటిని నిలబెట్టడానికి ఒక చెక్కపీట చేశాను. పీట మీద ఒక్క తీరుగానే నిలబడతాయి, ఇంకెటు తిప్పినా కూర్చోవు. పిల్లలు రెండు రోజుల్లో చకచకా చెప్పేశారు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

టీచరు పుస్తకం తెరిచి చూపించింది. “ఇదేంటి?”

అందరూ పిడుగు వైపు చూశారు. పిడుగంటే ముందు వరసలో కూర్చునే నాలుగేళ్ళ పిల్ల. దాని అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

“దీనికి గాడి లేదు టీచర్,” అంది పిడుగు. “మామయ్యని పెట్టమనండి.”

టీచరు పుస్తకం మూసి, కళ్ళు కూడా మూసుకుంది. “మామయ్యా, ఇంటికెళ్ళి కుర్చీలు చేసుకో,” అని మెల్లగా అంది. కోపంలో ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిందని ఆమెకు తెలియలేదు. నాకు తెలిసింది. అందుకే మర్నాడు కూడా వెళ్ళాను.

ఆ వారమంతా ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. పాటలు పాడింది, ఇసుకలో రాయించింది, పిల్లల వీపుల మీద వేలితో గీసింది. వాళ్ళు కిలకిలా నవ్వి, చివరికి బి అనేవారు. అక్షరం కర్ర పైకి లేస్తే బి గానీ డి గానీ, కిందికి దిగితే పి గానీ క్యూ గానీ అన్నంత వరకు వచ్చారు. దాని గుండ్రటి బొజ్జ ఎటుందన్నది మాత్రం వాళ్ళకు లెక్కే లేదు. కుడి, ఎడమ అంటే ఆ వయసుకి చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

పరీక్ష నాలుగు రోజుల్లో ఉందనగా నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. క్లాసుకి ఒక పక్క కిటికీ, ఇంకో పక్క తలుపు.

“పిల్లలూ, బొజ్జ కిటికీ వైపుంటే బి. తలుపు వైపుంటే డి,” అన్నాను.

“కిందికి కర్రుంటే?” అంది పిడుగు.

“కిటికీ వైపు పి, తలుపు వైపు క్యూ.”

అంతే. పావుగంటలో ఇరవై ముగ్గురూ పుస్తకంలోంచి, బోర్డు మీంచి, గోడమీది క్యాలెండర్లోంచి తడుముకోకుండా చెప్పేశారు. బయట వాన మొదలైంది. ఆమె చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టి, మొదటిసారి నా వంక తిట్టకుండా చూసింది.

“మీకు బుర్ర ఉందే!” అంది.

జీవితంలో ఎవరూ నన్నంత పొగడలేదు. ఆ నిమిషం నుంచి ఆమెంటే నాకు ప్రాణం. ఆ మాట చెప్పడానికి నోరు తెరిస్తే, “వాన తగ్గేలా లేదు మేడమ్,” అని వచ్చింది.

శుక్రవారం ప్రిన్సిపాల్ గారు పిల్లల్ని తన గదికే పిలిపించుకున్నారు. నేను వరండాలో నిలబడ్డాను. తలుపు సందులోంచి చూశాను. ఆ గదిలో కిటికీ, మా క్లాసులో తలుపున్న పక్కనుంది.

“ఇదేంటమ్మా?”

“డి!” అంది మొదటి పిల్ల ధీమాగా. ఆయన చూపించింది బి.

“ఇది?”

“బి!” అన్నాడు రెండోవాడు. అది డి.

ఇరవై ముగ్గురూ, ఒక్కరైనా తడబడకుండా, గట్టిగా, సంతోషంగా తప్పు చెప్పారు. ఆమె మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. నేను ఆగలేక లోపలికి వెళ్ళిపోయాను.

“సార్, తప్పు నాది. కిటికీ గుర్తు నేను చెప్పాను. మీ గదిలో కిటికీ అటుంది.”

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. “నువ్వెవరయ్యా?”

“వడ్రంగిని సార్. తెలియనివాళ్ళు తలోరకంగా తప్పుతారు. వీళ్ళందరూ ఒకే తప్పు చేశారంటే, బికీ డికీ తేడా కనిపెట్టారన్నమాటే కదా సార్?”

ఆయన పేపర్‌వెయిట్ తిప్పి పక్కన పెట్టారు. “సోమవారం ఉదయం. అదే ఆఖరు,” అన్నారు.

బయటికి రాగానే ఆమె పిల్లల్ని క్లాసులోకి పంపి, నా మీద విరుచుకుపడింది.

“రేపు వీళ్ళు పెద్దవాళ్ళై పుస్తకం చదవాలంటే కిటికీని మోసుకు తిరగాలా? మీ గాడులు, మీ కిటికీలు! అసలు మిమ్మల్నెవరు రమ్మన్నారు?” అంటూ చెయ్యి ఊపుతోంది. వేళ్ళన్నీ సుద్దపొడి. ఉన్నట్టుండి ఆగి, ఆ చెయ్యి వంకే చూసుకుంది.

“కిటికీ గదిలోనే ఉండిపోతుంది,” అంది నెమ్మదిగా. “చెయ్యి వెంట వస్తుంది. అన్నం తినే చెయ్యి!”

శనివారం బడంతా తిరిగాం. వరండాలో, మెట్ల మీద, పంపు దగ్గర, వానచినుకుల్లో కూడా. నేను అట్టముక్క మీద అక్షరం చూపిస్తే, పిల్లలు తినే చెయ్యి ఎత్తి, బొజ్జ అటుంటే బి అనేవారు. ఎటు తిరిగి నిలబడ్డా తప్పలేదు. పిడుగు ఒక్కతే ప్రతిసారీ తిరగేసి చెప్పింది. ఆమె జుట్టు పీక్కుంది. చివరికి నేనే అడిగాను, “ఏ చేత్తో తింటావే?” అని. అది దర్జాగా ఎడమ చెయ్యి చూపించింది.

“గోరుచుట్టు మీద రోకటిపోటు!” అని మెట్ల మీద కూలబడింది టీచరు. తర్వాత ఇద్దరం పడీపడీ నవ్వాం.

సోమవారం ప్రిన్సిపాల్ గారు ఆవరణలోకి వచ్చి, పిల్లల్ని నాలుగు దిక్కులకూ తిప్పి మరీ అడిగారు. ఇరవై ఇద్దరు సరిగ్గా చెప్పారు. చివరికి పిడుగు. ఆయన డి చూపించారు. అది ఎడమ చెయ్యి ఎత్తింది, అట్టముక్క చూసింది, మళ్ళీ చెయ్యి చూసింది. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

“బొజ్జ నేను తినే చేతి వైపుంది. అలా ఉంటే అందరికీ బి. నాకు డి,” అంది పిడుగు.

ప్రిన్సిపాల్ గారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, “టీచరమ్మా, మధ్యాహ్నం వచ్చి పర్మనెంట్ ఆర్డరు తీసుకెళ్ళండి,” అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. “సరే గానీ, నువ్వు రోజూ ఎందుకొస్తున్నావయ్యా?”

“అక్షరాలు సరిచేయడానికి సార్.”

“అవి అయిపోయాయిగా?”

“బెంచీలు కూడా కాస్త వదులుగా...”

“బెంచీలు బ్రహ్మాండంగా ఉన్నాయి!” అని పక్కనుంచి అరిచింది ఆమె. “రెండు వారాల నుంచి చూస్తున్నాను, ఇవాళ చెప్తారు, రేపు చెప్తారని! ఆయన అడుగుతున్నారు కదా, ఒక్కసారి సరిగ్గా చెప్పండి!”

ఇరవై ముగ్గురు పిల్లలూ నన్నే చూస్తున్నారు. “మేడమ్ కోసం వస్తున్నాను సార్,” అన్నాను.

“నాకు చెప్తావేంటయ్యా, ఆవిడకి చెప్పు,” అని ఆయన నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఆమె వైపు తిరిగాను. “మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుంటారా?”

“హమ్మయ్య!” అని నుదురు తుడుచుకుంది. ఆమె కళ్ళు మళ్ళీ తడిగా ఉన్నాయి, ఈసారి మాత్రం నవ్వుతున్నాయి. “ఇంత చిన్న మాటకి రెండు వారాలా? మా పిల్లలే నయం. రేపు సాయంత్రం మీ నాన్నగారిని తీసుకుని మా ఇంటికి రండి. జుట్టులో ఆ రంపపు పొట్టు మాత్రం దులుపుకుని రండి.”