అత్తగారు బొట్టు పెట్టిన సిలిండర్

శుక్రవారం పొద్దున్నే నాగమల్లేశ్వరి తలస్నానం చేసి, గిన్నెలో పసుపు కలుపుకుని, తన గది మూలనున్న సిలిండర్ ముందు కూర్చుంది. జెద్దాలో కూతురు హాసిని ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆవిడకు అన్నం తింటే చాలు, కడుపుబ్బరం. అందుకని అల్లుడు అమర్నాథ్ స్టీలు పీపా, కుళాయి తెప్పించి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించి ఇంట్లోనే సోడా పట్టాడు. మద్యం నిషేధమున్న సౌదీలో ఆ పీపా చూసి వచ్చినవాళ్ళు బీరనుకుంటే కొంప మునుగుతుందని హాసిని హడలిపోయింది. దాంతో సరంజామా అంతా ఆవిడ గదిలోకి చేరింది.

తనకోసం ఇంత చేసిన అల్లుడికి కృతజ్ఞత ఎలా చెప్పాలో ఆ తల్లికి తెలియలేదు. అందుకే వారం వారం ఆ సిలిండర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టేది.

"మళ్ళీ పసుపేనా అత్తయ్యా?" గుమ్మంలోంచి విసుక్కున్నాడు అమర్నాథ్. "ఇది సిలిండరా, పెళ్ళికూతురా అని గ్యాస్ నింపే జిలానీ నవ్వుతున్నాడు. నెల రావలసిన గ్యాస్ వారానికే అయిపోతోంది. పసుపు రాస్తూ వాల్వ్ తిప్పేస్తున్నారా ఏంటి?"

"అయ్యో, దాని తలకాయ జోలికే పోను బాబూ. ఒంటికే రాస్తాను."

"ఏవండీ, కాస్త మెల్లగా," అంది హాసిని. "అసలే రోజూ పొద్దున లేస్తే తలనొప్పి అంటోంది."

"ఊరి మీద బెంగ పెట్టుకుంటే తలనొప్పి రాక ఏమొస్తుంది? తెనాలి పంపించేద్దాం అంటే నువ్వు వినవు."

నాగమల్లేశ్వరి కళ్ళు నిండిపోయాయి. "అలాగే పంపించెయ్యి బాబూ. నాకోసం ఎండలో మోసుకొచ్చావు దీన్ని. వెళ్ళేలోగా ఇంకొక్కసారి దణ్ణం పెట్టుకోనీ."

కళ్ళు తుడుచుకోబోతే చేతిలోని గిన్నె ఒరిగింది. పసుపునీళ్ళు సిలిండర్ మెడ మీద ఒలికాయి.

"అమ్మా, అదేంటి, పసుపు పొంగుతోంది?" అంది హాసిని.

అమర్నాథ్ వంగి చూశాడు. రెగ్యులేటర్ బిగించినచోట పచ్చటి బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. అతడి ముఖం పాలిపోయింది. గబగబా వాల్వ్ కట్టేసి, కిటికీలు బార్లా తీసి, అత్తగారిని చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిపించాడు.

నింపిన ప్రతిసారీ జిలానీ రెగ్యులేటర్‌కి వేసే కొత్త వాషర్ చేతిలో పెట్టేవాడు. పాతది బాగానే ఉంది కదా అని ఇతగాడు దాన్ని కారులో పడేసేవాడు. అరిగిన వాషర్ సందులోంచి గ్యాస్ కారుతూ ఉంటే, ఆవిడ తలుపులు బిగించి, ఏసీ వేసుకుని ఆ గదిలోనే పడుకుని రాత్రంతా ఆ గాలే పీల్చేది. వాల్వ్ తిప్పింది ఆవిడేనని నింద వేశాడు పైగా. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిచి ఉంటే ఆవిడ ప్రాణమే పోయేదనుకుంటూ అత్తగారి వైపు తిరిగాడు.

"తల అంత నొప్పి పుడుతుంటే గట్టిగా చెప్పొద్దా అత్తయ్యా?"

"ఆ సోడా పడట్లేదేమో అనుకున్నాను. చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావు. నాకేం కావాలో అడిగి మరీ చేసినవాడివి నువ్వొక్కడివే బాబూ."

అమర్నాథ్ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హాసిని కూడా ఏడ్చింది.

తర్వాత కారులోంచి వాషర్ తెచ్చి బిగించి, సిలిండర్‌ని, పీపాని హాల్లోకే మార్చాడు.

"ఎవరైనా చూస్తే?" అంది హాసిని.

"చూస్తే తలో గ్లాసు సోడా ఇద్దాం. అత్తయ్యా, మీ పసుపు ఇలా తెండి. ఈసారి మెడకి రాయండి."

అతడు వాల్వ్ తిప్పాడు, ఆవిడ రాసింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. ఒక్క బుడగా లేవలేదు.

"ఇక నింపించిన ప్రతిసారీ ఇది మీ పని. తెనాలి మాట మర్చిపోండి. రేపే వీసా పొడిగింపు సంగతి చూస్తాను."

అంటూ కుంకుమ భరిణె అందుకుని, సిలిండర్‌కి తన చేత్తోనే బొట్టు పెట్టాడు అల్లుడు.