కఫ్ మీద ఫెర్రిక్ క్లోరైడ్

"ఆపండి! అలా గుమ్మరిస్తారా ఎవరైనా?"

అమ్మోనియా సీసా చేతిలో పట్టుకుని రాజలింగం బిక్కమొహం వేశాడు. యూనివర్సిటీ ల్యాబ్‌లో అది వాళ్ల ఎమ్మెస్సీ మొదటి ప్రాక్టికల్. అతని బీకరులో పసుప్పచ్చగా ఉండాల్సిన ఫెర్రిక్ క్లోరైడ్ తుప్పు రంగు బురదై కూర్చుంది. తిట్టిన అమ్మాయి సుబ్బలక్ష్మి. ఏడాదంతా ఇద్దరిదీ ఒకే బెంచి.

"సీసాలో వచ్చే ఫెర్రిక్ క్లోరైడ్‌లో యాసిడ్ కలిపి ఉంటుందండీ. అది ఉంటే రంగు సరిగా రాదు. అమ్మోనియా ఒక్కో చుక్కా వేసి కలపాలి. కాస్త మడ్డి కరగకుండా నిలవగానే ఆపి వడగట్టాలి."

"ఒక్కొక్క చుక్కనా? పొద్దు గూకుతది గదండి!"

"గూకనివ్వండి. మీకేమైనా బస్సు పోతుందా?"

"నాది హాస్టలే."

"మరింకేం!"

మళ్లీ మొదలుపెట్టారు. వడగట్టింది ఫినాల్ నీళ్లలో ఒక్క చుక్క పడిందో లేదో, టెస్ట్ ట్యూబంతా చిక్కటి ఊదారంగు! రాజలింగం నోరు తెరిచాడు. ఫినాల్‌కి ఊదారంగు వస్తుందని పుస్తకంలో ఎన్నోసార్లు బట్టీ పట్టాడు గానీ, ఇంత అందంగా ఉంటుందని ఏ పుస్తకమూ చెప్పలేదు.

"ఏందండి ఇది! ఇందాక దాంక ఏడ దాక్కున్నది గీ రంగు?"

"ఎన్నిసార్లు చూసినా నాకూ అదే ఆశ్చర్యం," అంటూ ఆమె ట్యూబును కిటికీ వెలుతురుకి ఎత్తింది. ఆ క్షణంలో ఆమె మొహం చూశాక రాజలింగానికి ట్యూబు సంగతి గుర్తులేదు.

అప్పటినుంచీ బ్యాచికంతటికీ ఆ ద్రావణం చేసిపెట్టే పని వాళ్లిద్దరిదే అయింది. ఏడాది గడిచింది. రాజలింగం చుక్కలు వేయడం నేర్చుకున్నాడు గానీ, మనసులో మాట మాత్రం ఒక్క చుక్కా బయటికి రాలేదు.

ఏప్రిల్లో ఒకరోజు సుబ్బలక్ష్మి ల్యాబ్‌కి రాలేదు.

"వాళ్ల నాన్నకు విశాఖపట్నం ట్రాన్స్‌ఫరట. పరీక్షలు కాంగనే అందరు పోతరట," అన్నాడు పక్క బెంచి సమ్మయ్య.

రాజలింగం గిర్రున అతని వైపు తిరిగాడు. చేతిలోని ఫెర్రిక్ క్లోరైడ్ ఒలికి తెల్లచొక్కా కఫ్ తడిసింది. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేడు. అకాల వానలో తడుస్తూ తార్నాకలోని సుబ్బలక్ష్మి ఇంటికి నడిచాడు.

వరండాలో ఆమె తండ్రి సూర్యనారాయణ కూర్చోమన్నారు. తల్లి శ్యామలాంబ టీ తెచ్చింది.

"వానకి పాలవాడు రాలేదు నాయనా. అల్లం టీతో సరిపెట్టుకో."

సరిగ్గా అప్పుడే సుబ్బలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. రాజలింగం చేతిలో కప్పు తొణికింది. టీ కఫ్ మీద పడి, అక్కడి పసుపు మరక చూస్తుండగానే సిరాలా నల్లబడింది.

"అయ్యయ్యో! నా టీలో ఏం పడిందీ?" శ్యామలాంబ గాభరాపడింది.

"టీ మంచిగనే ఉన్నదమ్మా. నా అంగీకే ఫెర్రిక్ క్లోరైడ్..."

"టానిన్!" సుబ్బలక్ష్మి పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "టీలో టానిన్ ఉంటుందిగా, ఇది తగిలితే నల్లబడుతుంది! ఎంత బాగా వచ్చిందో! ఇంకొంచెం పోయనా?"

"పోయండి, పోయండి! అంచుకు నీలం గూడ కొడుతున్నది, చూసిన్రా?"

ఇద్దరూ తలలు వంచి, ఊపిరి బిగబట్టి ఆ రంగునే చూస్తున్నారు. పెద్దవాళ్లున్న సంగతి మరిచిపోయారు. సూర్యనారాయణ గొంతు సవరించుకున్నారు.

"బాబూ, ఇంత వానలో ఏం పని మీద వచ్చావు?"

రాజలింగం కప్పు పక్కన పెట్టాడు.

"మీరు పోతున్నరని తెలిసింది సార్. సుబ్బలక్ష్మి గారంటే నాకు ప్రాణం. ఆమెకిష్టమైతే, మీరు ఒప్పుకుంటే, పెండ్లి చేసుకుంట."

సూర్యనారాయణ కూతురి వైపు తిరిగారు.

"నువ్వేమంటావమ్మా? ముందు ఆ అబ్బాయి చెయ్యి వదిలి చెప్పు."

సుబ్బలక్ష్మి మొహం ఎర్రబడింది. నల్లబడిన కఫ్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వదలను నాన్నా."

ఆయన ఆ రెండు చేతుల వంకా చాలాసేపు చూశారు. తరువాత నెమ్మదిగా అన్నారు:

"బాబూ, మీ నాన్నగారిని ఒకసారి మా ఇంటికి తీసుకురా."