వరి పీకిన పిల్లగాడు

డిగ్రీ పట్టా తీసుకునే రోజున ఎవరి గుండెకైనా కాస్త దడ ఉంటుంది. యుమ్నాకూ ఉంది. కాకపోతే ఆ దడకు పట్టాతో సంబంధం లేదు.

ఇచ్చోడలో కారెక్కగానే వాళ్ల నాన్న గులాం నబీ అద్దంలోంచి కూతురి వైపు చూశాడు. "బేటీ, సదువు అయిపోయేదాక పెండ్లి ముచ్చట ఎత్తనని మాటిచ్చిన. నిలబడ్డనా, లేదా?"

"నిలబడ్డవ్ అబ్బూ."

"ఇయ్యాలటితోని సదువు అయిపాయె. పొద్దుమీకి తిరిగొచ్చేటప్పుడు గిదే కార్ల కూసోని మాట్లాడుకుందం. నాందేడ్‌ల ఓ సంబంధం ఉన్నది."

వానకు వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

పక్కన కూర్చున్న నాయనమ్మ అక్బరీ బేగం, ఏమీ విననట్టు కనిపిస్తూ అన్నీ వినే మనిషి. నిర్మల్‌లో చాయ్ కోసం ఆగినప్పుడు, కొడుకు అటు వెళ్లగానే మనవరాలి మోచెయ్యి దొరకబుచ్చుకుంది.

"ఎవరన్న ఉన్నరా?"

"ఎవరు దాదీ?"

"నా ముంగట షానాతనం జెయ్యకు. ఉన్నరా, లేరా?"

యుమ్నా చాయ్ గ్లాసులోకి చూసింది. "ఒకడున్నడు. మా క్లాసే. అవేజ్."

"మంచోడేనా?"

"నా వరినంత పీకిండు," అంది యుమ్నా.

అది మూడేళ్ల కిందటి సంగతి. రెండో ఏడు వానాకాలంలో పిల్లలందరికీ వ్యవసాయ కాలేజీ పొలంలో తలో మడి ఇచ్చారు. విత్తనం నుంచి కోతదాకా ఎవరి మడి వాళ్లదే, మార్కులూ దాన్నిబట్టే. యుమ్నాది వెదజల్లిన వరి. పక్క మడి అవేజ్‌ది, నాటు వేసిన వరి. అవేజ్ వాళ్లకు కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర కళ్లద్దాల దుకాణం ఉంది. కాలేజీకి వచ్చేదాకా అతనికి వడ్లంటే బస్తాలో ఉండేవే.

యుమ్నా జ్వరం వచ్చి హాస్టల్లో పడుకుంటే, పాపం ఆమె మడిలో కలుపు పెరిగిపోతోందని అవేజ్‌కు జాలేసింది. ఒక పూటంతా నడుం వంచి ఏరేశాడు. ఇక్కడే చిక్కొచ్చి పడింది. ఊద అని ఒక కలుపుంది. లేతగా ఉన్నప్పుడు చూస్తే అచ్చం వరి మొలకే. అవేజ్ ఊదనంతా భద్రంగా ఉంచి, వరినంతా శుభ్రంగా పీకేశాడు. పైగా నీళ్లు కూడా పెట్టాడు.

జ్వరం తగ్గి వచ్చిన యుమ్నాకు గట్టు మీద నిలబడగానే మళ్లీ జ్వరం వచ్చినట్టయింది.

"ఎవడు పీకిండు గిది?"

"నేనే," అన్నాడు అవేజ్, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ. "థాంక్స్ ఏమొద్దు."

"మీది కళ్లద్దాల దుకాణమేనా?"

"ఔ. ఎందుకు?"

"ఒక జత నువ్వు గూడ వెట్టుకోరాదు!"

అంతకుముందు ఇద్దరూ మాట్లాడుకున్నదే లేదు. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగూ దక్కనీ కలగలిపే మాట్లాడతారు కానీ, తిట్టుకోవడానికి మాత్రం తెలుగే బాగా కుదిరింది.

తను చేసిన ఘనకార్యం తెలిశాక అవేజ్ మొహం మాడిపోయింది. మర్నాడు తన మడిలో సగం వరి తీసి, ఆమె మడిలో తాడు పట్టి మరీ నాటాడు. పంట చూడ్డానికి వచ్చిన అరుణ్‌కుమార్ సార్ గట్టు మీదే ఆగిపోయారు.

"యుమ్నా, వెదజల్లిన మడిల గింత సక్కగ వరుసలు ఎట్లొచ్చినయమ్మా?"

"చెయ్యి సాఫుగ తిరిగింది సార్."

సార్‌కు నవ్వు ఆగలేదు. మార్కులు మాత్రం ఇద్దరికీ కోసేశారు. ఆ రోజు నుంచి క్లాసంతా అవేజ్‌ను 'ఊద' అనే పిలిచింది, ఒక్క యుమ్నా తప్ప. తనెందుకు అలా పిలవలేకపోతోందో అర్థం కావడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది.

"మరి గా పిలగాడు నీకేమన్న చెప్పిండా?" నాయనమ్మ అడిగింది.

"చెప్పలే."

"నువ్వు చెప్పినవా?"

"నేనెందుకు చెప్త దాదీ? పీకింది ఆయన, చెప్పాల్సింది గూడ ఆయనే."

"ఇయ్యాల గూడ చెప్పకపోతే?"

యుమ్నా చాయ్ తాగడం మరిచిపోయింది. చాయ్ మీద మీగడ కట్టింది.

కాలేజీ హాలు కిటకిటలాడుతోంది. తెల్లబట్టల మీద చేనేత కండువాలు, ఎటు చూసినా సెల్ఫీలు. యుమ్నా పట్టా అందుకుని దిగుతుంటే హాల్లోకి రాగానే నాందేడ్ సంగతంతా చెప్పించుకున్న ఆమె స్నేహితురాలు ఆఫ్రీన్ వేసిన ఈలకు ముందువరుస పెద్దలు ఉలిక్కిపడ్డారు. తర్వాత మెడల్స్ మొదలయ్యాయి.

"కలుపు మొక్కల సబ్జెక్టులో ప్రథమ స్థానం, మహమ్మద్ అవేజ్!"

"ఊదా! ఊదా!" హాలు కప్పు లేచిపోయేలా బ్యాచ్ అంతా అరిచింది. అవేజ్ చెవులు ఎర్రబడ్డాయి. స్టేజీ మీద సార్లకు నమస్కారం పెట్టి, ఒక్క చూపు యుమ్నా వైపు విసిరి, దొరికిపోయినవాడిలా చటుక్కున తల దించుకున్నాడు.

"మెడల్ దీసుకునే పిలగాణ్ణి గట్ల పిలుస్తరా?" గులాం నబీ ఆశ్చర్యపోయాడు.

అక్బరీ బేగం మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, ఆ పిల్లవాణ్ణి తీరిగ్గా పైనుంచి కిందిదాకా చూసింది.

భోజనాలయ్యాక వాన మళ్లీ అందుకుంది. విత్తనాల గోదాం చూరు కింద నిలబడి అవేజ్ మెడల్‌ను రుమాలుతో తుడుస్తున్నాడు. యుమ్నా గొడుగు ముడుస్తూ పక్కన చేరింది.

"ముబారక్."

"నీకు గూడ. నాందేడ్ సంబంధమట గదా, ఆఫ్రీన్ చెప్పింది."

"అయితే?"

"అయితే ఏమున్నది... మంచిదే. అటుదిక్కు పత్తి మంచిగ పండుతది."

యుమ్నాకు ఒళ్లు మండింది. పెళ్లి ముచ్చటొస్తే పత్తి దిగుబడి గురించి మాట్లాడే మగవాడు వ్యవసాయ కాలేజీలో తప్ప ఇంకెక్కడా దొరకడు.

"గంతేనా నువ్వు చెప్పొచ్చేది?"

"ఇంకేం చెప్పాలె యుమ్నా? మీ అబ్బా విత్తనాల సేటు. పొలమున్నోడు. ఆయన ముంగట నిలవడి ఏమని చెప్పుకోవాలె? మీ బిడ్డ వరి పీకినోణ్ణి అనా?"

"గిన్ని సబ్జెక్టులుండంగ కలుపే ఎందుకు గంతగనం సదివినవ్? లైబ్రరీల గదే, పొలంల గదే. పరీక్షలయినంక గూడ గదే!"

అవేజ్ మెడల్‌ను జేబులో వేసుకున్నాడు.

"నీ మడిల ఇంకోసారి అడుగువెట్టే నసీబ్ ఉంటే, గప్పుడు తప్పు పీకొద్దని."

యుమ్నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లు మాత్రం నిండాయి.

"గా ఒక్క మాటకు మూడేండ్లు వట్టిందా?"

"నువ్వు నవ్వుతవని భయం."

"నవ్వుతున్ననా?"

"లే. ఏడుస్తున్నవ్. ఇప్పుడింక పరేషానున్నది." అతను రుమాలు అందించబోయి, తడిదని వెనక్కి తీసుకున్నాడు. "ఇగ ఎవర్ని అడగాలె?"

"ముందుగాల నన్ను అడుగు."

"నన్ను జేసుకుంటవా?"

"చేసుకుంట."

"నన్ను గూడ అడుగు!" వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది.

అక్బరీ బేగం బురద చెప్పులతో నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు మొక్కలు, వేళ్లతో సహా. ఆమె మీద గొడుగు పట్టిన గులాం నబీకి ఏం జరుగుతోందో అంతుబట్టలేదు.

"బేటా, గీ రెండిట్ల వరేది, ఊదేది?"

అవేజ్ మొహంలో రంగు పోయింది.

"గిదేం పరీక్ష అమ్మీ?" గులాం నబీ నవ్వాడు. "ఎవరన్న చెప్తరు. కుడిచేతిల ఉన్నది వరి."

అవేజ్ మొక్కలు అందుకున్నాడు. ఆకు కాండాన్ని అంటుకునే చోట గోరుతో విప్పి చూశాడు. రెండోదీ చూశాడు. మళ్లీ మొదటిది చూశాడు. పక్కనుంచి తొంగి చూసిన యుమ్నా కింది పెదవి కొరుక్కుంది.

"దాదీ, వరికి గీడ నాలుక లెక్క చిన్న పొర ఉంటది. ఊదకు ఉండది." గులాం నబీ వైపు తిరిగి గుటక మింగాడు. "మాఫ్ చెయ్యున్రి చాచా. గివి రెండూ ఊదనే."

అక్బరీ బేగం ఉన్న నాలుగు పళ్లూ కనిపించేలా నవ్వింది.

"షాబాష్! గులాం నబీ, నువ్వు విత్తనాల ప్యాకెట్లు అమ్ముకో బేటా, కలుపు జోలికి పోకు."

తిరుగు ప్రయాణంలో నాయనమ్మ జరిగిందంతా మొదటినుంచీ చెప్పేసింది. గులాం నబీ వైపర్ల వేగం పెంచాడు. నిర్మల్ వచ్చింది, దాటిపోయింది. యుమ్నా నాయనమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని నాన్న మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంది.

"బేటీ."

"అబ్బూ."

"గా పోరడు నిజంగ నీ వరంత పీకిండా?"

"అంతా."

"ఒక్కటి గూడ ఇడ్వలే?"

"ఒక్కటి గూడ."

"మరి ఊద?"

"నీళ్లు వెట్టి సాదిండు అబ్బూ."

గులాం నబీ భుజాలు కదిలాయి. కారు రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద తల ఆనించి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. కొంచెం తేరుకోగానే 'నీళ్లు గూడ వెట్టిండా!' అని మళ్లీ మొదలుపెట్టాడు.

చివరికి కండువా కొసతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"నాందేడోళ్లకు నేను చెప్పుకుంట తియ్. ఆదివారం గా పోరణ్ణి వాళ్ల అబ్బాను, అమ్మీని దీస్కోని ఇంటికి రమ్మను."

"అబ్బూ!"

"వొచ్చేటప్పుడు దుకాణంలకెళ్లి ఒక జత కళ్లద్దాలు గూడ పట్టుకరమ్మను," అన్నాడు గులాం నబీ, కారు స్టార్ట్ చేస్తూ. "నాకు."