ఙాహుయా అనుమానం

"మీది ఏ కొండ?" అడిగింది ఙాహుయా, చిలగడదుంప చెక్కు తీస్తూనే.

"ఆక్లాండ్. ట్రాఫిక్ అడ్డమొచ్చి కొండలు కనపడవు," అన్నాడు తమెహానా.

"నది?"

"మా వీధి కుళాయి."

ఊరుమ్మడి సభామందిరమైన మరాయె వంటశాలలో ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఙాహుయా నవ్వలేదు. తన కొండ పేరు చెప్పని మావోరీ ఎవరు? పోలీసన్నా కావాలి, దొంగన్నా కావాలి.

తోకొమారు తీరంలో ఆ రోజుల్లో అనుమానం వానలా కురుస్తుండేది. పోయినసారి హాకా ఆటపాటల పోటీలో, కొండల్లో ఉండే తూహోయె తెగ జట్టు చేతిలో వెంట్రుకవాసిలో ఓడారు మరి. ఈసారి ఙాహుయా అమ్మమ్మ కొత్త పాట కట్టింది. "ఇదే నా ఆఖరి పాట" అంది కూడా. ఆవిడ పాటెత్తుకుంటే తిమింగలాలు ఒడ్డుకొచ్చి తోకలతో తాళం వేసేవి. నమ్మనివాళ్ళు ఆ తిమింగలాలనే అడుక్కోవచ్చు. ఆ పాట ముందుగా పైవాళ్ళ చెవిన పడితే పోటీ పోయినట్టే. దాన్ని కాపాడే పూచీ ఙాహుయాది. సరిగ్గా అప్పుడే గిటారు వాయిస్తానంటూ ఈ అందగాడు ఊడిపడ్డాడు.

మూడో రోజు మరుగుతున్న గంగాళం ఒరిగింది. "నాహుయా, జరుగు!" అని అరిచి, తమెహానా ఆమెను పక్కకు లాగేశాడు.

ఒళ్ళు కాలలేదు గాని, గుండె భగ్గుమంది.

మావోరీ అక్షరాలు పదిహేనే. అందులో ఒకటి మన ఙ. బడిలో పలక మీద దిద్దించాక మనం మళ్ళీ పలకరించని ఆ అక్షరాన్ని ఇక్కడ మాటకు ముందు కూర్చోబెడతారు. దాన్ని 'న' అని పలికేది ఎవరు? తూహోయె వాళ్ళు!

"అమ్మమ్మా, వాడు గూఢచారి!"

"అయితే అవనీ. గిన్నెలు బాగా తోముతున్నాడు."

ఆనాటినుంచి తమెహానా గడప తొక్కగానే జట్టంతా కొత్త పాట ఆపి, చంటిపిల్లల్లా "హ, హె, హి, హొ, హు" అని అక్షరాలు పాడేది. అతను ఏమీ ఎరగనట్టు దానికే శ్రద్ధగా గిటారు వాయించేవాడు. ఆ అమాయకత్వమే ఆమెకు మరీ అనుమానంగా ఉండేది. ఆ కళ్ళు బాగుండటం ఇంకా అనుమానం.

సాయంత్రం ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి తామెవరో చెప్పుకోవడం ఇక్కడి రివాజు. ఆ వేళకల్లా అతను గిన్నెల మధ్య దూరేవాడు.

"ఇవాళ గిన్నెలు నేను తోముతా. నువ్వు లేచి మాట్లాడు," అంది ఙాహుయా.

తమెహానా లేచాడు.

"నా కొండ మౌనపోహతు. నేను తూహోయె వాణ్ణి. పోయినసారి పోటీలో మిమ్మల్ని ఓడించిన వరసలో నేనూ ఉన్నాను. అక్కడే నాహుయా పాట విన్నాను. చెప్పి వస్తే రానిచ్చేవారా? పాట కోసం రాలేదు. పాడే మనిషి కోసం వచ్చాను."

మాట్లాడినవాడి వెనక ఒకరు లేచి పాట పాడాలి. పాడకపోతే ఆ మాట గాల్లో వేలాడుతుంది, మనిషి పరువూ వేలాడుతుంది. ఎవరూ కదల్లేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఙాహుయా లేచి నిలబడింది. "ఒక్క మాట. పోటీ రోజున ఎవరి పక్కన నిలబడతావు?"

"మా వాళ్ళ పక్కనే."

"మమ్మల్ని ఓడించడానికా?"

"చేతనైతే."

'మీ పక్కనే' అని ఉంటే దుంపల బుట్టతో కొట్టేది. నమ్మకం అప్పుడు కుదిరింది. పాటెత్తుకుంది. పిన్నమ్మలు గొంతు కలిపారు. అందరికన్నా చివర అమ్మమ్మ లేచింది.

తర్వాత వసారాలో వాన చూస్తూ, ఇద్దరూ ముక్కూ ముక్కూ ఆనించి ఊపిరి పంచుకున్నారు. ఇక్కడ అది ఎవరికైనా చేసే మర్యాదే.

"మర్యాదకి అంతసేపు పట్టదమ్మాయ్!" అంది లోపలినుంచి అమ్మమ్మ.